రెక్క ఆగిన చోటు

శనివారం పొద్దున మా గాలిమర దగ్గర ఎంత పని ఉన్నా, కాఫీ తాగాక ఒక చిక్కుప్రశ్న తేలనిదే ఎవరూ బల్ల దగ్గర్నుంచి లేచేవాళ్ళు కాదు. ఈ అలవాటు పెట్టినవాడు ఎవర్ట్. లిఫ్టులు బాగుచేసే పనిలో జుట్టు నెరిపించుకుని రిటైరైన మనిషి. ఉద్యోగాల కోసం కుర్రాళ్ళు చచ్చీ చెడీ రాసే యంత్రాల పరీక్షలుంటాయే, ఏ చక్రం ఎటు తిరుగుతుంది, ఏ కప్పీకి ఎంత బలం కావాలి అని, వాటిని ఈయన సరదాకి రాసేవాడు. ఫోనులో ఒకటి పూర్తి చేసి, మార్కులు చూసుకుని, మీసం దువ్వుకుని ఇంకోటి వెతుక్కునేవాడు. అందులో తనకు నచ్చిన ప్రశ్నను తెచ్చి మర తలుపు మీద సుద్దతో బొమ్మ గీసేవాడు. తప్పు చెప్పినవాళ్ళు ఆ రోజు కాఫీ కప్పులు కడగాలి. అదీ మా నియమం.

కప్పులు దాదాపు ఎప్పుడూ క్రైనే కడిగేవాడు.

క్రైన్ మా అందరికీ పెద్ద. బూడిదకొంగ, అంటే మా మర, ఎన్నో ఏళ్ళుగా ఆయన చేతిలో ఉంది. బతుకుతెరువుకు గాజుపందిళ్ళ కింద టమాటాలు పండించినా ఆయన మనసంతా ఇక్కడే. గాలి మారబోతోందంటే ఆకులు కదలకముందే ఆయన మెడకు తెలిసేది. లేచి వెళ్ళి మర తలను, అంటే రెక్కలుండే పైభాగాన్ని, గాలికెదురుగా తిప్పి వచ్చేవాడు, మేమింకా కబుర్లు చెప్పుకుంటుండగానే. ఎవర్ట్, ఆయనా చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారు. చలికాలంలో కాలువ గడ్డకడితే ఇద్దరూ ఒకరి నడుం ఒకరు పట్టుకుని పక్క ఊరిదాకా జారుతూ పోయేవారట. ఎవర్ట్‌కు మర పని నేర్పిస్తున్నది కూడా క్రైనే. పుస్తకం మొత్తం ఎవర్ట్‌కు నోటికొచ్చు. కానీ లైసెన్సు పరీక్షకు కూర్చోవాలంటే అన్ని కాలాల గాలుల్లోనూ మర తిప్పి ఉండాలి. ఆ లెక్క ఇంకా పూర్తికాలేదు.

నా సంగతి చెప్పాలి గదా. నా పేరు రూలీ. పడవలొస్తే వంతెన ఎత్తడం, పోయాక దించడం, అదీ నేను చేసిన ఉద్యోగం. అది మానాక క్రైన్ దగ్గరే మర తిప్పడం నేర్చుకున్నాను. ఆడదానికి నోరు కాస్త ఎక్కువని అంటారు. తక్కువున్న వాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు కాబట్టి సరిపోతుందిలే అనుకుంటాను.

ఒక శనివారం ఎలా గడిచేదో చెప్తాను. ఎవర్ట్ తలుపు మీద మూడు పళ్ళచక్రాలు గీశాడు. మూడూ ముక్కోణంలో ఒకదాన్నొకటి కొరుక్కుని ఉన్నాయి.

"మొదటిదాన్ని కుడివైపుకి తిప్పాను. మూడోది ఎటు తిరుగుతుంది?"

"కుడికే," అన్నాడు క్రైన్, కప్పులోంచి తల ఎత్తకుండానే.

"రూలీ, నువ్వు?"

"నేను మీట నొక్కితే వంతెన లేచేది నాయనా. లోపల ఏ చక్రం ఎటు తిరిగిందో నాకెందుకు?"

"ఎటూ తిరగదు!" ఎవర్ట్ సుద్దముక్కతో తలుపును టకటకా కొట్టాడు. "మొదటిది రెండోదాన్ని ఎడమకి తోస్తుంది. రెండోది మూడోదాన్ని కుడికి తోస్తుంది. మొదటిదేమో అదే మూడోదాన్ని ఎడమకి తోస్తుంది. మూడూ బిగుసుకుపోయి కూర్చుంటాయి."

"తిరగనే తిరగనిదాన్ని పట్టుకుని ఎటు తిరుగుతుందని అడుగుతావేంట్రా? ఇది మోసం."

"మోసం కాదురా, భౌతికశాస్త్రం. కప్పులు అదిగో, అక్కడున్నాయి."

క్రైన్ గొణుక్కుంటూ లేచి తొట్టి దగ్గరకు పోయేవాడు. కానీ ఆ గొణుగుడులో కోపం ఉండేది కాదు. ఇంకోసారి, పడవలో ఉన్న రాయిని కాలువలోకి విసిరేస్తే నీళ్ళు పెరుగుతాయా తగ్గుతాయా అని అడిగాడు ఎవర్ట్. క్రైన్ పెరుగుతాయన్నాడు. బట్టలుతికే తొట్టి తెచ్చి, జున్ను డబ్బాను పడవ చేసి, అందులో తూకపురాయి పెట్టి తీసి, మళ్ళీ పెట్టి తీసి, ప్యాంటు మోకాళ్ళదాకా తడుపుకుని మరీ ఓడిపోయాడు. "నీళ్ళు తగ్గాయిరా ఎవర్ట్! కళ్ళారా చూశాను, తగ్గాయి!" అని ఆయన చేసిన హంగామా చూస్తే గెలిచింది ఆయనేమో అనుకోవాలి. ఓడినందుకు అంత సంతోషపడే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ మనిషిని ఏడిపించాలంటే మేము చాలా కష్టపడాల్సి వచ్చేది. చివరికి ఆ పని ఒక్క మాటతో అయిపోయింది.

మే నెలలో గాలిమరలన్నీ జనం కోసం తెరిచి ఉంచే రోజది. ఊరంతా వచ్చింది. గడ్డిలో బల్లలు వేసి అట్లు పోస్తున్నారు. మర ఆలనా పాలనా చూసే కమిటీ అధ్యక్షుడు కూడా కొత్త కోటు వేసుకుని వచ్చాడు. బూడిదకొంగ మంచి గాలిలో హుషారుగా తిరుగుతోంది. క్రైన్ తెల్లచొక్కా, మెడకు ఎర్ర రుమాలుతో వచ్చినవాళ్ళందరినీ పైకి తీసుకెళ్ళి దించుతున్నాడు. ఆయన భార్య యిక్కె అట్ల మీద పంచదార చల్లుతోంది.

కాఫీ వేళకి జనం మధ్యలో ఎవర్ట్ లేచి నిలబడ్డాడు. క్రైన్ సైకిలును గోడ దగ్గర్నుంచి తెచ్చి నిలబెట్టి, నన్ను సీటు పట్టుకోమన్నాడు. పడిపోకుండా పట్టుకోవాలి, ఆపకూడదు, అంతే.

"ఒక పెడలు కిందికి ఉంది, చూశారా? దానికి తాడు కట్టాను. ఈ తాడు పట్టుకుని వెనక నుంచి లాగితే సైకిలు ముందుకు పోతుందా, వెనక్కి వస్తుందా?"

"ముందుకే," అన్నాడు క్రైన్. ఆయన మొహంలో ఎప్పుడూ లేనంత ధీమా. "నడక కంటే ముందు సైకిలు నేర్చుకున్నవాణ్ణిరా నేను. తొక్కేటప్పుడు కింది పెడలు వెనక్కే గదా పోయేది? అది వెనక్కి పోతే బండి ముందుకి పోయి తీరాలి."

"ఖాయమా?"

"ఖాయం. తప్పయితే ఏడాది పొడుగునా కప్పులు నావే."

"ఏడాది పొడుగునా నీవేలే ఎలాగూ," అన్నాన్నేను. అందరూ నవ్వారు.

క్రైన్ సైకిలు వెనకాల గొంతుక్కూచుని తాడు రెండు చేతులా పట్టి లాగాడు. సైకిలు వెనక్కి వచ్చింది. వచ్చి వెనక చక్రంతో ఆయన మోకాళ్ళ మధ్య గుద్దింది. ఆయన వెల్లకిలా కాలువ గట్టు బురదలో కూలబడ్డాడు. ఊరంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను, యిక్కె కూడా గరిటె పట్టుకుని నవ్వింది. క్రైన్ అయితే బురదలోంచి లేవకుండానే నవ్వుతున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. అక్కడితో ఆగి ఉంటే ఎంత బావుండేదో.

చుట్టూ అంతమంది నవ్వుతుంటే ఎవర్ట్‌కు ఒళ్ళు తెలియలేదు. చేతులు చాచి, సంతలో గారడీవాడి మాదిరి అరిచాడు.

"చూశారా మహాజనులారా! పెడలు ఎటు పోతుందో తెలియని మనిషి చేతిలో ఇంత పెద్ద మర పెట్టాం! ఈ రెక్కలు ఇంకా ఊడి మన నెత్తిన పడలేదంటే అంతా ఆ గాలి దయ!"

జనం ఇంకా పెద్దగా నవ్వారు. క్రైన్ నవ్వు ఆగిపోయింది. అట్టు ముక్క నోట్లో పెట్టుకుంటున్న అధ్యక్షుడు క్రైన్ వంక ఒక చూపు చూశాడు. ఆ చూపు నేను చూశాను, క్రైనూ చూశాడు. ఎవర్ట్ ఒక్కడే చూడలేదు.

విషయం ఏమిటంటే, క్రైన్ వయసు గురించి కమిటీలో అప్పటికే గుసగుసలు నడుస్తున్నాయి. అంత ఎత్తున, అంత బరువున్న రెక్కలు, ఆ వయసులో ఏదైనా జరిగితే ఎవరు పూచీ అని. మేమందరం ఆయన వెనక నిలబడి, ఆ మాట ఎత్తినప్పుడల్లా నోరు మూయిస్తూ వచ్చాం. ఇప్పుడు సొంత స్నేహితుడే ఊరందరి ముందూ ఆ మాట అనేశాక ఇంకెవరి నోరు మూయిస్తాం? కొన్నాళ్ళకే అధ్యక్షుడు క్రైన్‌ను పిలిచి ఎంతో మర్యాదగా, ఎంతో తీపిగా, గౌరవ సభ్యుడిగా ఉండిపొమ్మన్నాడు. తాళంచెవి మాత్రం ఇచ్చేయమన్నాడు. "మీ స్నేహితులే అన్నారు గదా సరదాగా, మాకూ కాస్త భయం వేసింది," అన్నాడట.

ఆ శనివారం క్రైన్ వచ్చాడు. తాళంచెవి నా కప్పు పక్కన పెట్టాడు. ఎవర్ట్ అప్పుడే తలుపు మీద కొత్త బొమ్మ గీస్తున్నాడు.

"ఇకనుంచి కప్పులు నువ్వే కడుక్కోరా," అన్నాడు క్రైన్. అంతే, సైకిలెక్కి కాలువ కట్ట మీదుగా వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ మర వైపు రాలేదు.

ఎవర్ట్ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆయనకేమో అసలు సంగతి బుర్రకెక్కడానికే చాలాసేపు పట్టింది.

"సరదాకి అన్నాను గదా రూలీ. అయినా నేను చెప్పింది తప్పేం కాదే. సైకిలు వెనక్కే వచ్చింది."

"సైకిలు గురించి ఎవరడిగారయ్యా నిన్ను?" అని అరిచాను. "ఆ మనిషికి ఈ మర తప్ప ఏముందో చెప్పు!"

అప్పుడు కూర్చుండిపోయాడు. చేతిలో సుద్ద పొడిపొడి అయిపోయింది. ఆ తర్వాత ఆయన తలుపు మీద బొమ్మ గీయలేదు. కమిటీ దగ్గరకు వెళ్ళి, తను అన్నది ఒట్టి వేళాకోళమని చెప్పాడు. వాళ్ళు తల ఊపారు, తాళంచెవి మాత్రం తిరిగి ఇవ్వలేదు.

"క్రైన్ దగ్గరకు వెళ్ళవయ్యా," అన్నాను ఒకటికి పదిసార్లు.

"వెళ్తాను. ఏమనాలో చూసుకుని వెళ్తాను."

"ఏమంటావ్, నోరు జారింది, క్షమించరా అంటావు. దానికి లెక్కలు కావాలా?"

కావాలి ఆయనకు. అన్నీ సరిగ్గా ఉండాలి. ఏ మాట ముందు అనాలి, దానికి క్రైన్ ఏమంటాడు, అప్పుడు తను ఏమనాలి, ఇవన్నీ కుదిరేదాకా ఆయన కాలు కదలదు. వేసవంతా ఎవర్ట్ సైకిలు మీద క్రైన్ ఇంటిదాకా వెళ్ళడం, గేటు దగ్గర కాలు ఆనించి నిలబడడం, తిరిగి వచ్చేయడం. మా ఊళ్ళో కిటికీలకు పరదాలు వేసుకునే అలవాటు లేదు, లోపలినుంచి అంతా కనబడుతుంది. యిక్కె నాతో తర్వాత చెప్పింది.

"చిక్కుళ్ళు ఒలుస్తూ అనేదాన్ని రూలీ, ఎవర్ట్ మళ్ళీ వచ్చాడు, చూడూ అని. ఆయన తల తిప్పేవాడు కాదు. బెల్లుంది గదా, కొడతాళ్ళే అనేవాడు. కాసేపటికి, వెళ్ళిపోయాడా అని తనే అడిగేవాడు."

సెప్టెంబరు చివర్లో క్రైన్ పెరట్లో చిక్కుడు పాదుల మధ్య కూలిపోయాడు. గుండె. యిక్కె పరిగెత్తుకెళ్ళేసరికే అంతా అయిపోయింది. ఆ బెల్లు మోగకుండానే ఉండిపోయింది.

మరునాడు ఎవర్ట్ మా ఇంటికి వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"రెక్కలు నేను పెడతాను రూలీ."

ఆయన అడిగింది ఏమిటో నాకు తెలుసు. మా వైపు మర రెక్కలు ఆగిన తీరును బట్టి ఊరికి కబురు తెలుస్తుంది. కింది రెక్క నేల దగ్గరకు చేరబోతూ, ఇంకా చేరకముందే ఆగితే సంతోషం. పెళ్ళి, పసిబిడ్డ, పండగ. అదే రెక్క కిందికి చేరి, దాటి, మళ్ళీ పైకి లేవబోతూ ఆగితే చావు. వస్తున్న రెక్క, పోతున్న రెక్క. మర నడిపిన మనిషి పోయినప్పుడు మర తలను అంతిమయాత్ర సాగే దారికేసి తిప్పి, పోతున్న రెక్కతో నిలబెడతారు. ఆయనకు ఆయన మర ఇచ్చే వీడ్కోలు అది. ఇంకెవరు పెట్టే పూలదండా దానికి సాటిరాదు.

"నీకు ఒంటరిగా మర తిప్పే అనుమతి లేదు," అన్నాను.

"తెలుసు. మిగిలిన మరవాళ్ళంతా శవపెట్టె బండి దగ్గరుంటారు. నువ్వు యిక్కె పక్కన నడవాలి. ఇంకెవరున్నారు?" గొంతు తగ్గించి అన్నాడు. "వాడికి నేను చెప్పాల్సింది చెప్పలేదు. నోటితో చెప్పడం నాకు చాతకాలేదు. ఇదైనా చేయనివ్వు. నేను ముందుకు రాను, మర వెనకాలే ఉంటాను. యిక్కె నా మొహం చూడక్కర్లేదు. మరను చూస్తే చాలు."

యిక్కెను అడిగాను. ఆవిడ కిటికీలోంచి గేటు వైపు చూసింది. "పెట్టనీ," అంది. "క్రైన్ ఉంటే వద్దనడు." ఆ మాట ఎవర్ట్‌కు చెప్పగానే, నా కళ్ళముందే, ఆయన మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. యిక్కె ఆయనకు ఒక తలుపు తీసినట్టే గదా. దాన్ని సరిగ్గా దాటాలని ఆయన ఎంత తపన పడ్డాడో నాకు తెలుసు. నా ఇంట్లో బల్ల మీదే సుద్దతో బొమ్మ గీశాడు. మర, నాలుగు రెక్కలు, కింది రెక్క మధ్యగీతకు కొంచెం కుడివైపుగా.

"ఇలా గదా?"

"అవును, ఇలాగే," అన్నాను.

బొమ్మ సరిగ్గానే ఉంది. కట్ట మీద నడిచే మనిషికి మర కింది రెక్క ఎడమనుంచి కుడికి పోతూ కనబడుతుంది, కాబట్టి పోతున్న రెక్క ఉండాల్సిన చోటు అదే. ఎటు నుంచి చూస్తే అన్న మాట మా ఇద్దరి మధ్యా రాలేదు. ఎవర్ట్‌కు అలాంటిది గుర్తుచేయాలని ఎవరికి తడుతుంది?

అంత్యక్రియల రోజు గాలి కట్ట వైపు నుంచే వీస్తోంది. అదృష్టం అనుకున్నాం. మర తల దారికేసి తిప్పితే రెక్కలకు గాలి కూడా అందుతుంది. క్రైన్ పెట్టెను నాలుగు చక్రాల బండి మీద పెట్టి మా మరవాళ్ళు అటూ ఇటూ పట్టుకుని నడిపిస్తున్నారు. వెనక యిక్కె, ఆవిడ చెయ్యి నా చేతిలో. మా వెనక ఊరు. చర్చి దగ్గరకు పోవాలంటే మర ముందునుంచి పోవాల్సిందే. అందరూ అక్కడికి రాగానే తలెత్తి చూస్తారు. అందుకే ఆ దారి.

మలుపు తిరిగాం. బూడిదకొంగ మాకెదురుగా నిలబడి ఉంది. రెక్కలు ఆగి ఉన్నాయి. కింది రెక్క మధ్యగీతకు ఎడమవైపు ఉంది. వస్తున్న రెక్క.

 పొరపాటు పడ్డానేమో అని మళ్ళీ చూశాను. పొరపాటేం లేదు. పెళ్ళికూతుర్ని తీసుకొస్తుంటే పెట్టే తీరులో, తొలి బిడ్డ పుట్టిన ఇంటికి పెట్టే తీరులో మా మర క్రైన్ పెట్టెను పలకరిస్తోంది. వెనక జనంలో గుసగుస మొదలైంది. "ఎవరు పెట్టారు?" "ఎవర్టట." "పెళ్ళికి పెట్టినట్టు పెట్టాడేంటి?" ఒక ముసలాయన గొంతు గట్టిగానే వినబడింది. "చచ్చాక కూడా వదల్లేదన్నమాట." టోపీలు తీసిన మగవాళ్ళు కొందరు మర వైపు చూడకుండా తల పక్కకు తిప్పేసుకున్నారు. బండి పట్టుకున్న మావాళ్ళ మెడలు బిగుసుకుపోయాయి. యిక్కె మాత్రం తల తిప్పలేదు. మర కనబడినంతసేపూ ఆ రెక్కనే చూస్తూ నడిచింది.  అరిచి చెబుదామా అంటే అంతిమయాత్రలో అరుస్తామా? పరిగెత్తి వెళ్దామా అంటే ఆవిడను ఎవరి చేతికి వదలను? నడిచాను. నడవడం తప్ప ఏం చేయలేకపోయాను.

మట్టి వేయడం కాగానే నేను మరకు పరిగెత్తాను. ఈ వయసులో పరుగేమిటని ఎవరన్నా అనుకుంటే అనుకోనీ. ఎవర్ట్ చెప్పినట్టే వెనకాల ఉన్నాడు. టోపీ గుండెలకు ఆనించుకుని, బ్రేకు తాడు పక్కన నిటారుగా నిలబడి ఉన్నాడు. అందరూ వెళ్ళిపోయి చాలాసేపయినా కదల్లేదు. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"చూశావా రూలీ? ఒక్కసారికే ఆగింది. తాడు వదలగానే బ్రేకు పడి సరిగ్గా నేను అనుకున్న చోటే ఆగింది. యిక్కె చూసిందా?"

 ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని మర చుట్టూ నడిపించి ముందుకు తీసుకొచ్చాను. తలెత్తాడు. మొదట ఏం అర్థం కాలేదు. తర్వాత చేత్తో గాలిలో అటూ ఇటూ చూపించుకున్నాడు, పరీక్ష రాసేటప్పుడు చక్రాలు ఎటు తిరుగుతాయో వేలితో చూసుకున్నట్టు. ఆ చెయ్యి సగంలో ఆగిపోయింది.

"ముందునుంచి గీశాను," అన్నాడు. "వెనకనుంచి చూసి ఆపాను."

మరలు తిప్పే మేము కుడి ఎడమలు చూడం. రెక్క వస్తోందా, పోతోందా, అంతే చూస్తాం. మర ముందున్నా వెనకున్నా పోతున్న రెక్క పోతున్న రెక్కే. క్రైన్ అయితే కళ్ళు మూసుకుని చప్పుడు విని ఆపేసేవాడు. ఎవర్ట్ తను గీసిన బొమ్మను మనసులో పెట్టుకుని, నీళ్ళు నిండిన కళ్ళతో, మర వెనకాల నిలబడి, కింది రెక్క తన కుడివైపుకు రాగానే తాడు వదిలాడు. ఎంతో శ్రద్ధగా వదిలాడు.

గడ్డి మీద కూలబడ్డాడు. లేచాడు. వెనక్కి పరిగెత్తి తాడు లాగి బ్రేకు ఎత్తాడు. రెక్కలు కదిలాయి. ఈసారి పోతున్న రెక్కను ఆపాడు, ముందుకొచ్చి చూసుకున్నాడు. సరిగ్గా ఉంది. దారి మీద మనిషి లేడు.

"నేను వెళ్ళి చెప్తాను," అన్నాడు. ఈసారి మాటలు కూర్చుకోవడానికి ఆగలేదు. సైకిలెక్కి తొక్కాడు. నేను వెనకాలే.

చర్చి పక్కన గదిలో కాఫీ పోస్తున్నారు. అందరి చేతుల్లోనూ కేకు ముక్కలున్నాయి. ఎవర్ట్ లోపలికి అడుగు పెట్టగానే ఆ సందడి కాస్తా ఆగిపోయింది. అధ్యక్షుడు కప్పులోకి చూసుకుంటున్నాడు. ఎవర్ట్ ఎవరినీ చూడకుండా నేరుగా యిక్కె కూర్చున్న చోటికి వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాడు. చేతులకు ఇంకా జిడ్డు ఉంది.

"యిక్కె, పొరపాటయింది. ముందూ వెనకా తారుమారయ్యాయి. బొమ్మ ముందునుంచి గీసుకున్నాను, తాడు దగ్గర వెనకనుంచి చూశాను. కుడి ఎడమయింది. ఒట్టు. పోతున్న రెక్కే పెట్టాననుకున్నాను."

యిక్కె తలెత్తి ఆయన్ని చూసింది. కోపంగా కూడా చూడలేదు. పాపం, నమ్మాలనే ఉందావిడకు. అది నాకు తెలుస్తూనే ఉంది.

"కుడి ఎడమ తారుమారయిందా?"

"అవును."

"నీకు?"

ఎవర్ట్ తల ఊపాడు.

"ఎవర్ట్, అన్ని శనివారాలూ క్రైన్ ఇంటికొచ్చి నాకు చెప్పేవాడు. ఆ రోజు నువ్వేం అడిగావో, తను ఏం తప్పు చెప్పాడో, నువ్వు ఎలా విడమరిచి చెప్పావో. నవ్వుతూ చెప్పేవాడు. ఎవర్ట్ కూడా ఎప్పుడైనా తప్పాడా అని నేనడిగేదాన్ని." యిక్కె కుర్చీలో ముందుకు వంగింది. "తప్పావా? ఇలాంటి ప్రశ్న ఒక్కటైనా, ఎప్పుడైనా?"

గదిలో అందరూ ఆయన వంకే చూస్తున్నారు. నేను నా మటుకు నేను వెతికాను. సుద్దబొమ్మలన్నీ గుర్తు చేసుకున్నాను, తొట్లు, డబ్బాలు, కప్పీలు, చక్రాలు. ఒక్కటి దొరికితే చాలు, అదిగో ఆ రోజు తప్పాడు అని గట్టిగా అరిచేదాన్ని. ఎవర్ట్ కూడా వెతుకుతున్నాడు. ఆయన పెదవులు కదలడం చూశాను. అబద్ధమైనా చెప్పవయ్యా అనుకున్నాను లోపల్లోపల. అబద్ధం ఆయనకు రాదు.

"లేదు," అన్నాడు. "ఈరోజే. ఇదొక్కసారే."

"ఇదొక్కసారే," అంది యిక్కె. "మా ఆయన పెట్టె నీ ముందునుంచి పోయిన రోజునే."

ఆవిడ లేచి, బల్ల మీది నుంచి కప్పులో కాఫీ పోసి, పక్కన కేకు ముక్క పెట్టి ఆయన చేతికిచ్చింది. మా దగ్గర పొరుగూరి నుంచి వచ్చిన ముక్కూ మొహం తెలియని మనిషికైనా అలాగే ఇస్తాం. "తీసుకోండి," అంది. ఆయన్ని ఏనాడూ మీరు అనని మనిషి.

ఎవర్ట్ కాఫీ తాగలేదు, కింద పెట్టనూ లేదు. యిక్కె తర్వాతి వాళ్ళకు పోయడానికి అటు తిరిగింది. ఆయన ఆ కప్పు పట్టుకుని గది మధ్యలో అలా నిలబడే ఉన్నాడు. నేనే వెళ్ళి చేతిలోంచి తీసుకున్నాను. కాఫీ చల్లారిపోయి ఉంది.